మన్యపు మంచు - మోటారు ప్రయాణము

క్రిస్టమసు మొదలు సంక్రాంతి వరకు గల సెలవు దినములలో, రాత్రి రెండు గంటల వేళ, గోపాలపట్నము కూడలిలో నిలిచి చూచువారికి ఒక వింత కనబడును. విశాఖపట్టణమెల్ల నిద్రలో నుండగా కారులు, మోటారు సైకిళ్లు, అద్దె బస్సులు బారులు తీరి పెందుర్తి దారి పట్టి కొండలవైపు సాగిపోవుచుండును. పెందుర్తి దాటిన పిదప కొన్ని కొత్తవలస, శృంగవరపుకోటల మీదుగా అనంతగిరి కనుమ నెక్కి అరకు చేరును. కొన్ని చోడవరము, మాడుగులల మీదుగా పాడేరు కనుమ నెక్కి వంజంగి కొండకు పోవును. లంబసింగికి పోవువారు అనకాపల్లి, నర్సీపట్నముల దారిని పోవుదురు. వీరు ఏ తీర్థమునకో ఏ పెండ్లికో పోవువారు కారు. మన్యమున మంచు కురియుచున్నదనియు, ఈ వారము చలి మరింత ముదురుననియు వార్త వినినవారు. తెల్లవారక మునుపే కొండమీద నుండవలెనను తహతహతో నిద్రమాని బయలుదేరినవారు.

వాతావరణ సూచన యనునది లోకమున సాధారణముగా హెచ్చరికయై వెలువడును. తుపాను వచ్చుచున్నదన్నచో పడవవాడు పడవను ఒడ్డునకు లాగుకొనును. వడగాలులు వీచునన్నచో రైతు మిట్టమధ్యాహ్నపు పని మానుకొనును. మన్యపు మంచు విషయమున మాత్రము సూచన శుభలేఖవలె పనిచేయుచున్నది. పాదరసము ఎంత దిగునో కొండ యెక్కు బండ్ల సంఖ్య అంత పెరుగుచున్నది. ఈ విపరీతమును గూర్చి నాలుగు మాటలు వ్రాయుటకు ఇదియే అదనని మాకు తోచినది. సెలవులు ముగిసిన పిదప వ్రాసిన వ్రాతలు సంతాప తీర్మానములుగా మాత్రమే పనికివచ్చును.

మొట్టమొదట మంచు అను మాట సంగతి చూతము. తెలుగున గడ్డిపరకమీది నీటిబొట్టును మంచే. దారిని కప్పివేయు పొగయును మంచే. వేకువజామున పైరుమీద పేరుకొను తెల్లని పలుకును మంచే. హిమాలయములలో ఆకాశమునుండి దూదివలె రాలునదియు మంచే. చెరువు గడ్డకట్టినచో ఆ గడ్డయును మంచే. సంస్కృతమున మాటలు పెక్కు కలవు గాని అమరసింహుడు నీహారము, తుషారము, తుహినము, హిమము, ప్రాలేయము, మిహిక మున్నగు వానినెల్ల ఒక్కచోట పర్యాయములుగా చేర్చి ఊరకున్నాడు. ఎండదేశపు నిఘంటువునకు అంతకంటె సూక్ష్మభేదము అక్కరలేకపోయినది కాబోలు. కవులకు ఈ కలగాపులగము వలన ఛందస్సున సౌకర్యమే కలిగినది. మోటారు తోలువానికి మాత్రము ఇది ప్రమాదకరము. లంబసింగిలో మంచు కురియుచున్నదని సెల్‌ఫోనున చదివిన కోస్తా యువకుడు సిమ్లా చిత్రమును మనస్సున నిలుపుకొని బయలుదేరుచున్నాడు. కనుమదారిని అతనికి దొరకునది కన్నులకు కట్టిన గంతలు.

మన తూర్పు కనుమలలో హిమపాతమునకు తగిన పరిస్థితులు లేవు. లంబసింగి సముద్రమట్టమునకు సుమారు 1,000 మీటర్ల ఎత్తున నున్నది. 1,000 మీటర్లు పైకి పోయినచో గాలి వేడిమి సుమారు 6.5 డిగ్రీలు తగ్గునని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఇంతమాత్రము చేతనే అచటి పాదరసము సున్న దరికి దిగదు. తక్కిన పనిని నిర్మలాకాశము చేయుచున్నది. ఈశాన్య ఋతుపవనము వెనుదీసిన పిదప, డిసెంబరు, జనవరి నెలలలో, మబ్బులేని రాత్రులందు భూమి తాను పగలు గ్రహించిన వేడిమిని అడ్డులేక మింటికి విడిచిపెట్టును. నేలనంటిన గాలి చల్లబడి, బరువెక్కి, నీటివలె వాలువెంట జారి, కొండల నడుమ పళ్లెములవలె నున్న పల్లములలో నిలువచేరును. కొండ కొమ్ముకంటె దాని క్రింది పల్లెయే హెచ్చు చలిగా నుండుటకు కారణమిదియే. లంబసింగికి కొర్రబయలు అని మరియొక పేరు. రాత్రి ఆరుబయట నుండిపోయినవాడు తెల్లవారునప్పటికి కొయ్యవలె బిగుసుకొనిపోవునని ఆ పేరునకు అర్థము చెప్పుదురు. అచట గడ్డిమీదను, కారుల అద్దములమీదను కానవచ్చు తెల్లని పలుకు నేలను అంటియున్న గాలి తేమ అక్కడికక్కడ గడ్డకట్టగా పుట్టినది, మింటినుండి రాలినది కాదు. హిమము కురియవలెనన్న మబ్బు కావలెను. మబ్బు పట్టిన రాత్రి మన్యమున చలియే తగ్గును. ఏ నిర్మలత్వము వలన చలి కలుగుచున్నదో ఆ నిర్మలత్వమే హిమపాతమునకు అడ్డుగా నున్నదన్నమాట.

ఇట్లు నిలువచేరిన చల్లగాలిలో తేమ కొరతలేనపుడు అది సూక్ష్మములగు నీటికణములై గాలిలో తేలును. అదియే పొగమంచు. ఇది అర్ధరాత్రి దాటిన పిదప అలముకొన నారంభించి, సూర్యోదయపు వేళకు మిక్కిలి చిక్కనై, ఎండ ముదిరిన కొలది విచ్చిపోవును. ఉదయము తొమ్మిది గంటలకు తేటపడు దారి ఐదు గంటలకు అగమ్యగోచరముగా నుండును. మన యాత్రికులు ఎన్నుకొను సమయమేది? అదే ఐదు గంటల సమయము. వంజంగి కొండమీద సూర్యోదయమును చూడవలెనన్నచో పాడేరు కనుమను చీకటిలోనే దాటవలెను. లంబసింగి మంచు చూడవలెనన్నచో నర్సీపట్నమునుండి కొండయెక్కు దారిని తెల్లవారక మునుపే ముగింపవలెను. దారి ఏ గడియలో అత్యంత ప్రమాదకరముగా నుండునో ఆ గడియనే ముహూర్తముగా పెట్టుకొని వేలకొలది జనులు బయలుదేరుచున్నారు. వంజంగి మీదనుండి చూచినవారు పాలసముద్రమును చూచితిమని మురిసిపోవుదురు. ఆ పాలసముద్రపు అడుగున రోడ్డున్నది, ఆ రోడ్డుమీద వెనుక వచ్చువారి బండ్లున్నవి.

ఈ సంగతిని అంకెలలో చెప్పుకొందము. చూపు 1,000 మీటర్లకు లోబడినపుడు పొగమంచనియు, 200 మీటర్లకు లోబడినపుడు దట్టమైన పొగమంచనియు, 50 మీటర్లకు లోబడినపుడు మిక్కిలి దట్టమైనదనియు వాతావరణ శాఖవారి వ్యవహారము. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు కారు సెకనునకు దాదాపు 17 మీటర్లు పోవును. ఎదుట నున్న బండిని కన్ను చూచి, మనస్సు గుర్తించి, కాలు బ్రేకు త్రొక్కుటకు సెకనున్నర పట్టుననుకొన్నచో అంతలోనే 25 మీటర్లు గడచిపోవును. తడిసిన రోడ్డుమీద బండి ఆగుటకు ఇంకను 35 మీటర్లు కావలెను. వెరసి 60 మీటర్లు. కనబడునది 50 మీటర్లే! 40 కిలోమీటర్ల వేగమున నైనచో 30 మీటర్లకు పైచిలుకులో ఆగగలదు గాని అది చదునైన దారి లెక్క. కనుమ దిగునపుడు ఈ లెక్క చాలదు. ఎదురుగా మరియొక బండియు అదే వేగమున వచ్చుచున్నచో చూపు ఇరువురి నడుమ పంచుకొనవలసినదే. అటుపైని అనంతగిరి దారిలోని మలుపులలో చూపునకు అడ్డు తగులుటకు పొగమంచు అక్కరలేదు, కొండయే చాలును.

జరిగినవి మరువతగినవి కావు. 2021వ సంవత్సరము ఫిబ్రవరి 12వ తేదిన హైదరాబాదునుండి వచ్చిన యాత్రికుల బస్సు అరకు చూచుకొని మరలి వచ్చుచు అనంతగిరి మండలమున డముకు సమీపమున లోయలో పడిపోగా నలుగురు మరణించిరి. 2023వ సంవత్సరము ఆగస్టు 20వ తేదిన చోడవరమునుండి పాడేరు పోవుచుండిన ప్రభుత్వ బస్సు పాడేరు కనుమలో లోయలోనికి జారగా ఇరువురు మరణించిరి. 2025వ సంవత్సరము డిసెంబరు 12వ తేది వేకువజామున భద్రాచలమునుండి అన్నవరమునకు పోవుచుండిన చిత్తూరు యాత్రికుల బస్సు చింతూరు, మారేడుమిల్లి నడుమ కనుమలో పడిపోగా తొమ్మండుగురు ప్రాణములు కోల్పోయిరి. ఈ మూడింటిలో కడపటి దానిని మాత్రమే మంచువేళ జరిగినదానిగా చెప్పవచ్చును. మొదటిది సాయంకాలము జరిగినది, రెండవది పగటివేళ, వానకాలమున జరిగినది. కావున నేరమునంతయు మంచుమీద మోపుట న్యాయము కాదు. కనుమదారి ఎల్లవేళల కఠినమైనదే. తేటపగటివేళ ఇరుకైన చోట, చీకటియు, మంచును, నిద్రలేమియు, దారి తెలియని తోలరియు ఒక్కసారిగా కూడినచో ఏమగునో చదువరులు ఊహించుకొనగలరు.

తోలరి ప్రసక్తి వచ్చినది గనుక ఒక్క మాట. మా చదువరులలో సొంత కారులు గలవారు పెక్కుమంది. జీతమిచ్చి డ్రైవరును పెట్టుకొన్నవారును కలరు. విజయవాడనుండియో హైదరాబాదునుండియో సాయంకాలము బయలుదేరి, రాత్రియెల్ల ప్రయాణము చేసి, వెనుక సీటులో కుటుంబమంతయు దుప్పట్లు కప్పుకొని నిద్రించుచుండగా, ముందు సీటులోని మనుష్యుడు ఒక్కడే మేలుకొని, వేకువజామున కనుమ ఎక్కవలయును. అతనికి సమతల రహదారి తెలియును, కనుమ తెలియదు. నడుమ ఒక గంట నిద్రించెదనని అడిగినచో సూర్యోదయము తప్పిపోవునేమోయని యజమానికి బెంగ. గోదావరి డెల్టాలో ఎద్దులను దున్నకమునుపు వానికి మేత పెట్టి విశ్రాంతి ఇచ్చు నీతి తెలిసిన గృహస్థులే ఈ విషయమున ఏమరుట మాకు ఆశ్చర్యము కలిగించుచున్నది. అద్దె బస్సుల సంగతి ఇంతకంటె హీనము. ఒక్క డ్రైవరుతో రెండు రాత్రులు, ఒక పగలు తిప్పి, లాభము లెక్కించుకొను వర్తకము నడుచుచున్నది.

నిజమైన హిమము కురియు దేశములలో ఏమి చేయుచున్నారో చూతము. అమెరికాలోని కొలరాడో రాష్ట్రమున డెన్వరునుండి కొండలకు పోవు 70వ నంబరు రహదారిపై మోరిసన్, డాట్సెరోల నడుమ సెప్టెంబరు 1వ తేది మొదలు మే 31వ తేది వరకు తగిన టైర్లు గాని గొలుసుల వంటి సాధనములు గాని లేని కారు పోరాదని 2019వ సంవత్సరమున శాసనము చేసిరి. కాలిఫోర్నియా కొండలలో హిమము ముదిరిన కొలది గొలుసుల నిబంధనలు మెట్లు మెట్లుగా బిగియును. అటుపైని దారియే మూసివేయుదురు. అచట వాతావరణ సూచనకును రోడ్డు చట్టమునకును ముడి పెట్టబడియున్నది. సూచన వెలువడిన వెంటనే దారిమీది నియమము మారును. ఆ నగరములలో ఉద్యోగములు చేయుచున్న మన బిడ్డలు ఈ నియమములకు లోబడియే కారులు నడుపుచున్నారు. సెలవునకు స్వగ్రామము వచ్చి అరకు కొండ ఎక్కునపుడు మాత్రము వారిని ఏ నియమమును పలుకరింపదు.

అంతటి దేశమునను మాట తెచ్చిపెట్టు భ్రాంతి తప్పలేదు. 2022వ సంవత్సరము డిసెంబరు 26వ తేదిన అరిజోనా రాష్ట్రమున ఒక కొండ సరస్సు గడ్డకట్టియుండగా దానిమీద నడిచిన మువ్వురు తెలుగువారు మంచుపొర పగిలి నీటమునిగి మరణించిరి. అదియు సెలవుల వారమే. వారిని నిందించుట మా ఉద్దేశము కాదు. పుట్టి పెరిగిన నేలమీద ఎన్నడును చూడని వస్తువును చిత్రములలో మాత్రమే చూచినవారికి దాని సౌందర్యము తెలిసినంత త్వరగా దాని స్వభావము తెలియదు.

మరియొక ఉదాహరణము పాకిస్తానము నందలి మర్రీ పట్టణము. 2022వ సంవత్సరము జనవరి 7, 8 తేదులలో అచట జరిగినది మన కలెక్టర్లు ఒక్కసారి చదువుకొనవలసిన చరిత్ర. ఇస్లామాబాదునకు సమీపమున నున్న ఆ కొండ విడిదికి హిమము చూడవలెనని జనులు వేలాది కారులలో తరలిపోయిరి. వాతావరణ శాఖ ముందుగానే హెచ్చరించియుండెను. ఆ హెచ్చరికయే అచటను ఆహ్వానముగా పనిచేసినది. పట్టణము భరింపగల దానికంటె ఎన్నోరెట్లు బండ్లు లోనికి పోవుచున్నను ఆపువారు లేకపోయిరి. రాత్రి హిమము ముంచుకొనివచ్చి దారులు మూసుకొనిపోగా కారులలోనే చిక్కుకొని ఇరువదిమందికి పైగా ప్రాణములు విడిచిరి. చలికి తాళలేక అద్దములు బిగించి ఇంజను నడుపుకొన్నవారిని బండిపొగలోని విషవాయువే చంపినదని వైద్యులు చెప్పిరి. మన మన్యమున హిమము కురియదు గనుక ఆ విపత్తు రాదని నిశ్చింతగా నుండుటకు వీలులేదు. లంబసింగిలోను, వంజంగి క్రింది పొలములలోను, గది దొరకక కారులోనే అద్దములు బిగించి, చలి తాళలేక ఇంజను ఆపకుండ నిద్రించువారు కలరు. గుడారములో నిప్పుకుంపటి పెట్టుకొని తలుపుగుడ్డ మూసికొనువారును కలరు. ఆ విషవాయువునకు రంగులేదు, వాసనలేదు. చలిమంట బయటనే వేసికొనవలెను. గుడారములోనికి నిప్పు రాకూడదు.

మన యొద్ద సూచన ఎట్లు తయారగుచున్నది? విశాఖపట్టణమున తుపాను హెచ్చరికల కేంద్రము కలదు. చింతపల్లిలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానమువారు కనిష్ఠ ఉష్ణోగ్రతలను నమోదు చేయుచున్నారు. పాడేరు సమీపమున మినుములూరు కాఫీ కేంద్రపు అంకెలను పత్రికలు ప్రకటించుచున్నవి. ఈ అంకెలు కాఫీ రైతునకును, పైరు పెట్టువానికిని పనికివచ్చును. దారిన పోవువానికి కావలసిన అంకె వేరు. డముకు మలుపునను, గాలికొండ దగ్గరను, పాడేరు కనుమ నడుమను, లంబసింగి దిగుడునను ఈ గంటలో ఎంత దూరము కనబడుచున్నదో అతనికి తెలియవలెను. లంబసింగిలో 4 డిగ్రీలన్న వార్త అతనిని ఉత్సాహపరచును. డముకు దగ్గర 40 మీటర్లే కనబడుచున్నదన్న వార్త అతనిని శృంగవరపుకోటలోనే రెండు గంటలు ఆపును. దారిప్రక్క చూపును కొలుచు యంత్రములు విమానాశ్రయములలో నేటికి ఎన్నియో ఏండ్లుగా వాడుకలో నున్నవి. ఒక్కొక్క కనుమకు ఒకటి రెండు చోట్ల వానిని నిలుపుట రాష్ట్ర ప్రభుత్వమునకు మించిన భారము కాదు. అంతవరకు కనుమ మొదట నున్న పోలీసువాడు పైనున్న పోలీసువానితో టెలిఫోనున మాటలాడి, నల్లబల్లమీద సున్నపుముక్కతో వ్రాసినను చాలును.

ఈ దారులు ఎవరివి? ఈ ప్రశ్న మన పట్టణవాసులకు తట్టుట లేదు. నర్సీపట్నమునుండి లంబసింగి మీదుగా చింతపల్లికి పోవు దారిని గూడెము డిప్యూటీ తహసీలుదారు బాస్టియను మన్యవాసులచేత చాలీచాలని కూలికి, నిర్బంధముగా, పని చేయించి వేయించినాడు. 1922వ సంవత్సరము ఆగస్టు 22వ తేదిన అల్లూరి శ్రీరామరాజు చింతపల్లి పోలీసుస్టేషనుమీదికి దండెత్తుటకు దారితీసిన కారణములలో ఈ రోడ్డు పని ముఖ్యమైనది. ఆ దారిమీదనే నేడు మనము మంచు చూడబోవుచున్నాము. 2022వ సంవత్సరము ఏప్రిలు 4వ తేదిన ఆ వీరుని పేరనే పాడేరు కేంద్రముగా జిల్లా ఏర్పడినది. పేరు పెట్టుట ఘనమైన పనియే. అయినను సెలవుదినమున మూడు, నాలుగు గంటలు కారుల బారు కదలక నిలిచినపుడు, ప్రసవవేదనపడు స్త్రీని పాడేరు ఆసుపత్రికి తీసికొనిపోవు 108 బండి ఆ బారులో చిక్కుకొన్నచో, జిల్లా పేరు ఆమెకు తోడ్పడదు. మన్యవాసికి ఈ రోడ్డు సంతకు పోవు దారి, ఆసుపత్రికి పోవు దారి, పిల్లవాడు ఆశ్రమ పాఠశాలకు పోవు దారి. డిసెంబరు, జనవరి నెలలు కాఫీపండు కోతకాలము. వేకువనే తోటలకు నడిచిపోవు కూలీలు రోడ్డు అంచుననే నడువవలెను. మంచులో వారి నల్లని కంబళ్లు కారువానికి కనబడవు.

ఇందుకు ప్రత్యుత్తరముగా ఒక మాట వినబడుచున్నది. యాత్రికులు రానిచో మన్యవాసికి జీవనాధారము పోవునని. ఈ మాటలో సత్యము లేకపోలేదు. గుడారములు వేసి అద్దెకిచ్చువారు, బొంగులో కోడి కాల్చి అమ్మువారు, కాఫీగింజలు, పసుపు, మిరియములు అమ్ముకొను స్త్రీలు, ఈ రెండు నెలల రాబడిమీద సంవత్సరమంతయు నెట్టుకొనివచ్చు కుటుంబములు ఎన్నియో కలవు. అరకు కాఫీకి 2019వ సంవత్సరమున భౌగోళిక గుర్తింపు లభించిన పిదప దాని పేరు దేశాంతరములకు ప్రాకినది. అందుచేతనే కొండలను మూసివేయుమని మేము చెప్పుటలేదు. వచ్చువారిని లెక్కించుడని మాత్రమే చెప్పుచున్నాము. నీలగిరికిని, కొడైకెనాలునకును పోవు బండ్లకు మద్రాసు హైకోర్టు ఉత్తరువు ననుసరించి 2024వ సంవత్సరము మే 7వ తేది నుండి ముందస్తు అనుమతి చీటి ఏర్పడినది. 2025వ సంవత్సరమున వేసవి రద్దీకి నీలగిరిలోనికి వారపు దినములలో 6,000, వారము చివర 8,000 బండ్లు మాత్రమే అని హద్దును నిర్ణయించిరి. దానివలన ఊటీలో అంగళ్లు మూతపడలేదు. మనవారు ఊటీకి పోవునపుడు ఆ చీటిని కిమ్మనక తీసికొనుచున్నారు. అదే మర్యాదను అరకునకు చూపుటకు అభ్యంతరమేమి?

మా సూచన ఇది. ఈ సెలవుల రద్దీ ముగియువరకు, శృంగవరపుకోట, మాడుగుల, నర్సీపట్నములు, ఈ మూడు చోట్ల, కనుమ ఎక్కుటకు మునుపే బండ్లను లెక్కింపవలెను. పైన నిలుపుటకు చోటున్నంతవరకే విడిచిపెట్టవలెను. చూపు 50 మీటర్లకు లోబడిన గంటలలో అద్దె బస్సులను ఎంతమాత్రమును కనుమ ఎక్కనీయరాదు. రోగులను తీసికొనిపోవు బండ్లకును, స్థానికుల బండ్లకును, ఆర్టీసీ బస్సులకును వేరుగా దారి ఇవ్వవలెను. వేకువజామున వచ్చినవారికి కొండ క్రిందనే కాఫీ దొరకు చోటును, తోలరి కునుకు తీయుటకు ఒక షెడ్డును చూపినచో పోట్లాడువారు తగ్గుదురు. ఆ కాఫీకొట్లను మన్యపు స్త్రీల సంఘములకే ఇచ్చినచో పైనున్న జీవనాధారములో కొంత క్రిందికిని దిగివచ్చును.

ప్రభుత్వము చేయువరకు వేచియుండనక్కరలేని పనులు కొన్ని కలవు. పొగమంచులో పెద్దదీపము వేసినచో ఆ వెలుగు నీటికణములమీద పడి తిరిగి మన కన్నులలోనే కొట్టును. ఎదుట తెల్లని గోడ నిలిచినట్లుండును. దీపమును క్రిందికి దించవలెను. కనుమ దిగునపుడు ఏ గేరుతో ఎక్కితిమో ఆ గేరుతోనే దిగవలెను. పెట్రోలు కలిసివచ్చునని న్యూట్రలులో విడిచినవారి బ్రేకులు సగము దిగకమునుపే కాగి పట్టు వదలును. మలుపు మలుపునను హారను మ్రోగింపవలెను. ఎక్కు బండికి దిగు బండి దారి విడువవలెనన్నది 2017వ సంవత్సరపు మోటారు వాహనముల చోదక నిబంధనలలో వ్రాయబడియున్నది. అంతకుమునుపు నుండియు కొండదారి లారీ డ్రైవర్లు దీనిని పాటించుచుండిరి. అన్నిటికంటె ముఖ్యముగా, ఛాయాచిత్రము కొరకు మలుపున కారును ఆపరాదు. మంచులో నిలిచిన కారుకంటె ప్రమాదకరమైన వస్తువు కనుమలో మరియొకటి లేదు. దారిప్రక్క నిలిచి నవ్వుచు చిత్రము తీయించుకొనువారికి వెనుకనుండి వచ్చుచున్న బస్సు కనబడదు, బస్సువానికి వారును కనబడరు.

ఇక మాకు మిక్కిలి ఇష్టమైన ఉపాయమును కడపట చెప్పుచున్నాము. గోపాలపట్నమున నున్న సింహాచలము రైలుస్టేషను ముందునుండియే ఈ కారుల బారులలో ఒక పాయ సాగిపోవుచున్నది. ఆ పట్టాలమీదుగానే కొత్తవలస చేరి కొండ ఎక్కు రైలుదారి కలదు. బైలదిల్లా ఇనుప ఖనిజమును విశాఖ రేవునకు తెచ్చుటకై 1960 దశకమున జపాను సహాయముతో నిర్మింపబడిన కిరండూలు మార్గమది. ఏబదికి పైబడిన సొరంగములగుండ పోయి, సముద్రమట్టమునకు 996 మీటర్ల ఎత్తుననున్న శిమిలిగూడ స్టేషను దాటి అరకు చేరును. మనకు ఖనిజము మోయుటకు పనికివచ్చిన ఈ అద్భుతమైన దారి మనుష్యులను మోయుటకు మాత్రము మిక్కిలి పొదుపుగా వాడబడుచున్నది. 2017వ సంవత్సరము ఏప్రిలులో అద్దాల పెట్టె నొకదానిని అరకు రైలునకు తగిలించినపుడు జనులు ఎంత సంతోషించిరో మరచిపోలేదు. ఆ పెట్టెలో చోటు దొరకుట సెలవుదినములలో లాటరీ గెలిచినట్లే. ఉదయము విశాఖలో బయలుదేరు రైలులో పోయినచో అరకులో సూర్యోదయము చూచుటకు వీలుపడదు, నిజమే. బొర్రా దగ్గర కొండలోయలమీద విచ్చిపోవుచున్న మంచును కిటికీలోనుండి చూచుచు, పిల్లలతో, ముసలివారితో, ఉప్మా తినుచు పోవచ్చును. డ్రైవరుకూడ చూడవచ్చును.

ఈ సెలవులకు అరకు వరకు ప్రతిదినము ఒక ప్రత్యేక రైలును, ఉన్న రైలునకు మరి నాలుగు పెట్టెలను రైల్వేవారు ఏర్పరుపవలెను. ఆ రైలు సింహాచలము స్టేషనులో తప్పక ఆగవలెను. కారులను నిలుపుకొనుటకు గోపాలపట్నమున నగరపాలక సంస్థవారు స్థలమును చూపవలెను. టిక్కెట్టు దొరకునని ముందుగా తెలిసినగాని గృహస్థుడు కారు తాళమును గూటిలో పెట్టడు. కావున ఉత్తరువు సెలవులు రాకమునుపే, కనీసము పదునైదు దినములు ముందుగా, వెలువడవలెను.